నాలుగు గంటల ఇరవై ఐదు నిమిషాలకు సభ

కలకత్తా,
11 జనవరి 1987

వేదక్కా,

నేను కార్యదర్శిని అయ్యాను. నవ్వడం అయిపోయాక తక్కినది చదువు.

నిన్న మన తెలుగు సంఘం సమావేశం మా ఇంట్లోనే జరిగింది. నేను మూల కుర్చీలో కూర్చుని, చదువుతున్న నవలలోంచి నచ్చిన వాక్యాలు నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకుంటున్నాను. అధ్యక్షులు సోమయాజులుగారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "మనమందరం మాట్లాడేవాళ్లమే. రాసేది ఆ పిల్ల ఒక్కతే. ఈ ఏటికి అరుంధతే కార్యదర్శి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న కూడా కొట్టాడు. కాదనాలంటే లేచి నిలబడాలి. నిలబడితే అందరూ చూస్తారు. అందుకని కార్యదర్శిని అయిపోయాను.

అసలు సంగతి ఇది. నువ్వు ఇక్కడ మా ఇంట్లో ఉన్న రెండేళ్లూ చెప్పి చెప్పి, విసిగి, విశాఖపట్నం ఉద్యోగానికి వెళ్లిపోయాక నీ పథకం ఒప్పుకున్నారు. ఓడరేవు డాక్‌లో పనిచేసే కుటుంబాల పిల్లల్లో చుట్టుపక్కల వాళ్లకు సేవ చేసిన వారికి పై చదువు ఖర్చు సంఘం పెట్టుకుంటుంది. ఈ ఏడు ముగ్గురు. జాబితాలో మొదటి పేరు నువ్వు చదువు చెప్పిన పున్నమ్మది. నర్సింగు చదువు, హాస్టలుతో సహా.

సభ ఫిబ్రవరి ఎనిమిది, ఆదివారం, మాఘ శుద్ధ దశమి, ఉదయం తొమ్మిది గంటలకు. సోమయాజులుగారు పంచాంగం తెరిచి ముహూర్తం మీద వేలు పెట్టి చూపించారు. ఆ వేలితో ఎవరూ వాదించలేదు. ఖిదిర్‌పూర్‌లో క్లబ్బు హాలు దొరికింది. ముఖ్య అతిథి ప్రొఫెసర్ త్యాగరాజుగారికి ఆ ఒక్క ఆదివారమే ఖాళీ. సోమయాజులుగారే ఒక నియమం కూడా రాయించారు: సభలో స్వయంగా వచ్చి అందుకోని వారి సాయం, వరసలో తరవాతి పేరుకు పోతుంది.

ఎంపికైన వాళ్ల గురించి కార్యదర్శి వేదిక మీద మాట్లాడాలట. అంటే నేను. కాన్వెంట్లో సిస్టర్ "చివరి బెంచీకి వినపడాలి" అనేదని నీకు చెప్పేదాన్ని, గుర్తుందా? నా గొంతు మొదటి బెంచీ దాకా కూడా ఎప్పుడూ నడిచి వెళ్లలేదు. నువ్వు రావాలి. వచ్చి నువ్వే మాట్లాడాలి. నేను పక్కన నిలబడి కాగితాలు అందిస్తాను. కాగితాలు అందించడం నాకు బాగా వచ్చు.

నీ
అరు


విశాఖపట్నం,
17 జనవరి 1987

ఒసే కార్యదర్శీ,

నవ్వడం ఇంకా అవలేదు. హాస్టల్లో పక్క గది లెక్చరరు తలుపు కొట్టి, ఒంట్లో బాగుందా అని అడిగింది.

వస్తాను. ఏడో తారీఖు ఉదయానికి మద్రాసు మెయిల్లో దిగుతాను. మీ నాన్నగారిని హౌరాకు రానవసరం లేదని చెప్పు. వస్తే బాగుండునని కూడా చెప్పు.

ఒక్క పని మాత్రం నువ్వే చెయ్యాలి. పున్నమ్మ తండ్రి గవరయ్యకు ఆహ్వానం పోస్టులో పంపకు. అతను పోర్టులో లాక్ గేటు దగ్గర ఓడల తాళ్లు లాగే ఖలాసీ. నది నుంచి ఓడలు డాక్ లోపలికి వచ్చే గేటు అది. మనిషి మాట నమ్ముతాడు గాని కాగితాన్ని నమ్మడు. నేను పున్నమ్మకు తెలుగు రాయడం నేర్పిన మొదటి నెల రోజులూ, పలక మీద రాసినదాన్ని నాచేత చదివించుకుని, అది నిజంగా అదేనా అని పున్నమ్మచేత మళ్లీ చదివించేవాడు. స్వయంగా వాట్‌గంజ్ వెళ్లి చెప్పు. అతని భార్య అప్పలకొండమ్మ టీ ఇస్తుంది. రెండో గ్లాసు వద్దనకు, బాధపడుతుంది.

పున్నమ్మ గురించి ప్రసంగానికి కావలసినవి రాసి ఉంచు. బెంగాలీ రాని ఆడవాళ్లను రెండేళ్లుగా ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్లి, వాళ్ల నొప్పి డాక్టర్లకు విడమర్చి చెబుతున్నది ఆ పిల్లే. ఎంతమందో లెక్క కనుక్కో. నీకు లెక్కలు రావు కనక వేళ్ల మీద వెయ్యి.

వేద


కలకత్తా,
23 జనవరి 1987

వేదక్కా,

మునిగిపోయాం.

నిన్న వాట్‌గంజ్ వెళ్లాను. బస్సు దిగి, ఏం చెప్పాలో గోడల మీది ఎన్నికల రాతల కేసి చూస్తూ నాలుగుసార్లు వల్లె వేసుకున్నాను. ఒకాయన నేను ఆ పార్టీ అనుకుని నాకు నమస్కారం పెట్టాడు.

గవరయ్యగారు గుమ్మంలో కూర్చుని తాడు ముడి వేస్తున్నాడు. ఆహ్వానం చేతికిచ్చి, చూపుడు వేలితో తేదీ చూపించాను. నాకూ సోమయాజులుగారి వేలు వచ్చేసింది.

"దశమి పొద్దుటా?" అన్నాడు.

"అవునండీ. తొమ్మిదింటికి. మంచి ముహూర్తం."

"మీకు మంచిదే. మాకు ఓడొచ్చే ఏల."

నాకు అర్థం కాలేదు. ఆయన తాడు పక్కన పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "సూడమ్మా. ఓడ ఎప్పుడు పడితే అప్పుడు డాక్‌లోకి రాదు. నది పోటు మీదుంటేనే గేటు తీస్తారు. పోటు తిథిని బట్టి వొస్తాది. అమాసకీ పున్నానికీ మిట్టమజ్జానం దాటినాక. దశమికి పొద్దుట తొమ్మిది. మాం ఏడింటికే గేటు కాడుండాల. పన్నెండు దాకా కదిలీడానికి నేదు. మళ్లీ రాత్తిరి పోటుకి ఏడింటికి ఎల్లాల. మా ఈదిలో మొగోళ్లందరిదీ అదే డూటీ."

"మీరు రాకపోయినా పున్నమ్మ వస్తుంది కదండీ?" అన్నాను. ఈ మాట వెనక్కి తీసుకోవడానికి ఏమైనా ఇస్తాను.

గవరయ్యగారు తాడు మళ్లీ చేతిలోకి తీసుకుని ముడి బిగించాడు. తరవాత అన్నాడు: "పిల్లని ఇంట్లోంచి పంపుతున్నాను. ఆస్టల్లో ఎడతన్నాను. రేపు దానికేటైనా అయితే నానెవుల్ని అడగాల? ఈ కాయితాన్నా? మా కాడ ఇచ్చిన మాటంటే, పదిమంది ఎదర, ఇంటోడున్నప్పుడు, నోటితో అనాల. మాం ఉన్నాం అనాల. అలాగైతేనే ఇచ్చినట్టు. నేకపోతే పిల్లెల్లదు."

పున్నమ్మ లోపలి నుంచి వచ్చింది. "అయ్య ఒప్పుకోకుండా నేను రాను దిదిమొణీ" అంది. టీచరమ్మను పిలిచినట్టు నన్ను దిదిమొణి అనడం ఇదే మొదటిసారి. సంతోషించే వ్యవధి కూడా దొరకలేదు. తను రాకపోతే నియమం ప్రకారం సాయం తరవాతి పేరుకు పోతుంది. అదీ చెప్పాను. ఆ పిల్ల తల ఊపి, తండ్రి వేసిన ముడిని విప్పి మళ్లీ వేస్తూ కూర్చుంది.

రెండు గ్లాసుల టీ తాగాను. అప్పలకొండమ్మగారు మూడోది కూడా ఇచ్చారు.

అక్కా, మనవాళ్లు పంచాంగం అంతా వెదికి, ఆ వీధిలో ఒక్క తండ్రి కూడా రాలేని గంటను పట్టుకున్నారు. నాన్నకు చెప్తే "అధ్యక్షుణ్ణి అడగవే" అన్నాడు. సోమయాజులుగారికి నువ్వు ఉత్తరం రాస్తావా? ఆయన ముందు నాకు నోరు పెగలదు.

అరు


విశాఖపట్నం,
27 జనవరి 1987

అరూ,

రాయను.

నోరు పెగలకపోతే పెగలనీయకు. చెయ్యి పెగులుతుంది కదా. గవరయ్యనడిగి పోర్టు వాళ్ల అచ్చు పోటు పట్టిక ఒకటి సంపాదించు. దాన్ని సోమయాజులుగారి పంచాంగం పక్కన పెట్టు. ఆ తరవాత ఏం జరుగుతుందో చూస్తూ కూర్చో. ఆయన భార్య జ్ఞానప్రసూనగారు ఇంట్లో ఉన్నప్పుడే వెళ్లు. ఆయన ఎవరి మాటకైనా కాస్త వెనక్కి తగ్గితే ఆవిడ నవ్వుకే.

వేద


కలకత్తా,
3 ఫిబ్రవరి 1987, సరస్వతి పూజ

వేదక్కా,

పుష్పాంజలి అయ్యేదాకా కలం ముట్టకూడదు. పొద్దుట్నుంచి నా కలం దేవి పాదాల దగ్గర, నేను గుమ్మం దగ్గర, ఇద్దరం ఒకరినొకరం చూసుకుంటూ ఉన్నాం. ఇప్పుడే చేతికొచ్చింది.

ఆదివారం సోమయాజులుగారింటికి వెళ్లాను. మెట్ల మీద అరగంట నిలబడ్డాను. జ్ఞానప్రసూనగారు పాలవాడనుకుని తలుపు తీశారు, గిన్నెతో సహా. ఇంక తప్పలేదు.

ఒక్క ముక్క మాట్లాడకుండా ఆయన బల్ల మీద నా కాగితం పెట్టాను. ఎడమవైపు పంచాంగంలోని తిథులు. కుడివైపు పోర్టు పట్టికలోని పోటు గంటలు. దశమి దగ్గర ఎర్ర గీత. కింద ఒక వాక్యం: "ఈ వేళకు పున్నమ్మ తండ్రి గేటు దగ్గర ఉంటాడు."

ఆయన చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. నేను నేల కేసి చూస్తున్నాను. ఎంతసేపటికీ కోప్పడరు. తలెత్తి చూస్తే, పంచాంగం పేజీలు తిప్పుతూ తనలో తాను అనుకుంటున్నారు. "నవమికి ఎనిమిదింపావు... దశమికి తొమ్మిది... ఏకాదశికి పావు తక్కువ పది... ఏమేవ్, నదికి కూడా తిథులు తెలుసే."

"నదికి తెలీక మీకు తెలుస్తాయా?" అన్నారు లోపలి నుంచి.

"పట్టిక మూసెయ్యమ్మాయ్. అమావాస్య నాటి గంట ఒక్కటీ ఇయ్యి. తక్కినవి నేనే కడతాను." కట్టారు. మూడు తిథులు సరిగ్గా వచ్చాయి. ఒకటి పది నిమిషాలు తప్పితే, అచ్చుతప్పు అన్నారు. కాఫీ చల్లారిపోయింది. ఆయన అంత ఆనందంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

అయితే అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ప్రొఫెసర్‌గారికి వేరే ఆదివారం కుదరదు. అదే రోజు, నీరు దిగాక పెట్టుకోవాలి. హాల్లో పదకొండు నుంచి నాలుగు దాకా క్లబ్బు వాళ్ల క్యారమ్ ఫైనల్. ఏడింటికి మన ఖలాసీలు గేటు దగ్గరుండాలి. కుర్చీలు వేసేసరికి అరగంట పోగా, ఇంక మిగిలింది నాలుగున్నర నుంచి ఆరు.

ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు ఏమిటో నీకు చెప్పనక్కరలేదు.

"రాహుకాలంలోనా?" అన్నారు సోమయాజులుగారు. మొహం పాలిపోయింది. "నా అధ్యక్షతనా?"

అప్పుడు నేను మాట్లాడాను అక్కా. నిజంగానే. "ఏదైనా ముందే మొదలుపెట్టేస్తే, రాహుకాలం వచ్చేసరికి అది జరుగుతున్న పనే అవుతుంది కదండీ" అన్నాను. ఎలక గొంతుతో. కానీ ఇంట్లో ముగ్గురమే ఉన్నాం, చివరి బెంచీ జ్ఞానప్రసూనగారే.

ఆయన పైకప్పు కేసి చూశారు. లోపలి నుంచి ఆవిడ నవ్వారు. "నాలుగూ ఇరవై ఐదుకు దీపం వెలిగించేస్తాను" అన్నారాయన చివరికి. "తరవాత జరిగేదంతా కొనసాగింపే. ఎవరడిగినా అలాగే చెప్పు."

అచ్చయిన రెండు వందల ఆహ్వానాల మీదా "ఉదయం తొమ్మిది" కొట్టేసి "సాయంత్రం 4.25" అని రాశాం. అమ్మ, నేను, పున్నమ్మ. కార్డు చూసిన వాళ్లందరూ ఒకటే అడుగుతున్నారు, ఇది సభా, రైలా అని.

గవరయ్యగారు కార్డు చూడలేదు. మాట విన్నాడు. "వొస్తాను. ఆళ్లేటంటారో ఇంటాను. ఇన్నాకే సెప్తాను" అన్నాడు. అంటే ఇంకా ఒప్పుకున్నట్టు కాదు. ఆ "వినడం" అంతా నీ ప్రసంగం మీదే ఉంది. రజనీగంధ దండలు చెప్పాను. సందేశ్ మిఠాయి చెప్పాను. మైకు చెప్పాను. నాకు ఆకలి వెయ్యడం లేదు, నిద్ర రావడం లేదు, ఊరికే నవ్వొస్తోంది. ఏడో తారీఖు హౌరాకు నేనే వస్తాను.

అరు


టెలిగ్రాం
విశాఖపట్నం, 6 ఫిబ్రవరి 1987

సెలవు దొరకలేదు. రాలేను. నువ్వే మాట్లాడు. వేద


కలకత్తా,
9 ఫిబ్రవరి 1987

వేదక్కా,

నీతో మాట్లాడను. సమాచారం కోసం మాత్రం రాస్తున్నాను.

సభ సజావుగా జరిగింది. మొదలవడం కొంచెం ఆలస్యమైంది. మైకు కాసేపు పనిచెయ్యలేదు. నేను నాలుగు మాటలు చెప్పాను. ముగ్గురూ సాయం అందుకున్నారు. పున్నమ్మ కూడా. సందేశ్ మిగల్లేదు. నా గొంతు పోయింది, చలి వల్ల అనుకుంటాను.

అరుంధతి


విశాఖపట్నం,
20 ఫిబ్రవరి 1987

చలి వల్ల గొంతు పోయిన నా చెల్లికి,

నాలుగు మాటలా? గవరయ్య చెప్పగా పున్నమ్మ రాసిన ఉత్తరం నిన్న వచ్చింది. నాలుగు పేజీలు. నువ్వు దాచుకున్నదంతా ఇందులో ఉంది కనక, నీకే పంపుతున్నాను. చదివి భద్రంగా వెనక్కి పంపు. అది నాది.

ఇప్పుడు నేను దాచుకున్నది చెప్తాను. సెలవు జనవరిలోనే దొరికింది. మూడో తారీఖు నాటి నీ ఉత్తరం మధ్యాహ్నం టపాలో వచ్చింది. "అప్పుడు నేను మాట్లాడాను" అన్న వాక్యం రెండుసార్లు చదివి, టిక్కెట్టు రద్దు చేయించి, అటునుంచి అటే టెలిగ్రాం ఇచ్చాను. నేను వచ్చి ఉంటే నువ్వు కాగితాలు అందించేదానివి. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, అది నీకు కొంత ఓదార్పు అయితే తీసుకో.

తిట్టదలుచుకుంటే ఎండాకాలం సెలవులకు వస్తాను, నోటితోనే తిట్టు. చివరి బెంచీలో కూర్చుంటాను.

వేద


(జతచేసిన ఉత్తరం)

వాట్‌గంజ్, కలకత్తా,
12 ఫిబ్రవరి 1987

వేదమ్మకి గవరయ్య దండాలెట్టి సెప్పీది.

(అయ్య చెప్పినది చెప్పినట్టే రాయమన్నాడు. రాశాక రెండుసార్లు చదివించుకున్నాడు. పున్నమ్మ.)

నీకు సెలవు దొరకనేదంటే నాను నమ్మనేదు. సరే, ఒగ్గీ.

ఆదోరం మాం ముప్పయిమందిమి నాలుక్కి ముందే ఎల్లినాం. ఎల్తే ఏటున్నాది, క్లబ్బులో ఆట అవనేదు. బల్ల మీద ఎర్ర బిళ్ల ఇంకా ఉండిపోనాది. మా ఓళ్లు కొత్త సొక్కాలేసుకొచ్చి ఆట సూడ్డంలో పడిపోనారు. సగంమంది ఇటు, సగంమంది అటు. బైరాగి పందెం కూడా కాసీసినాడు. అరుంధతమ్మ వొచ్చి ఆ బల్ల పక్కన నిలబడిపోనాది. ఏటీ అననేదు. తల దించుకుని ఆ ఎర్రదాన్నే సూస్తంది. ఆడీ దాదాకి సిగ్గేసి గురి తప్పింది. ఎదరోడు దాన్ని కొట్టీసినాడు, ఆట అయిపోనాది.

ఆ లోపల సోమయాజులుగారు అరుగు మీద ఒక్కరే దీపం ఎలిగించేసినారు. గాలికి ఆరిపోతదని పంచాంగం అడ్డం ఎట్టినారు. పంచాంగం అట్ట ఓ మూల కాలింది. "మొదలైపోయింది, మొదలైపోయింది" అని ఈదిలో అందరికీ సెప్పినారు. రిక్సావోడిక్కూడా.

పెద్ద ప్రొఫెసరుగారు మాటాడినారు. మంచోరే. ఎనకటి కాలంలో సదువులు ఎలాగుండీవో సెప్పినారు. సెప్పతానే ఉన్నారు. కరెంటు పోనాది, మైకు పోనాది, అయినా సెప్పతానే ఉన్నారు. అయిదున్నర దాటిపోనాది. మా ఓళ్లు ఒకలి మొకం ఒకలు సూసుకుంటన్నారు. నాను లేసి గుమ్మంలోకి ఎల్లిపోనాను. పున్నమ్మ నన్నే సూస్తంది.

అప్పుడు అరుంధతమ్మ లేసింది. "అయ్యా, మీరు దయచేసి కూర్చోండి. పోటు వస్తోంది. వీళ్లు వెళ్లిపోవాలి" అంది. వేదమ్మా, నాను గుమ్మం అవతలున్నాను. నాకినపడింది. ఈదిలో సింగాడాలు, అదే సమోసాలు, అమ్మీవోడికి ఇనపడింది. ప్రొఫెసరుగారు కూకుండిపోనారు. తరవాత ఆయనే ముందు సప్పట్లు కొట్టినారు.

ఆయమ్మ సేతిలో కాయితం ఉంది. సీకట్లో అగుపడదు కదా. మడిసీసి పక్కనెట్టింది. నా గుంట పున్నమ్మ గురించి సెప్పింది. నలభైమూడుమందిని ఆస్పత్రికి తీసుకెళ్లిందని, తవిటమ్మ పురిటికి రాత్రంతా నిలబడిందని. నాకే తెల్దు, నలభైమూడని. (వేళ్ల మీద లెక్క వేసిందట దిదిమొణి. నేను ఇంకా తక్కువే అనుకున్నాను.)

అప్పుడు ఓ పని సేసింది. అది ఎవులూ సెప్పిన పని కాదు. కుర్సీల్లో కూకున్న కమిటీ బాబులొంక తిరిగి, "గవరయ్యగారు గుమ్మంలో ఉన్నారు. ఆయన కాగితం అడగలేదు. మాట అడిగారు. మీరు ఒక్కొక్కరూ లేచి ఆయనతో చెప్పండి" అంది. ఎవులూ లెగనేదు.  అప్పుడు ముందుగాల సోమయాజులుగారు లేసినారు. రాహుకాలం అయిపోడానికి ఇంకా పది నిమిసాలుంది, ఆయన సీకట్లో గడియారం కళ్ల కాడెట్టుకు సూసుకునే లేసినారు. తన పేరు సెప్పి, "గవరయ్యా, నీ పిల్లకి మేమున్నాం" అన్నారు. తరవాత అరుంధతమ్మ నాన్నగారు. అలాగ పదకొండుమంది. నాను ఏళ్ల మీద లెక్కెట్టుకున్నాను. పదయితే సాలు, ఒకటెక్కువే.

నాను నోపలికొచ్చి, "అయితే ఎల్లమ్మా" అన్నాను పిల్లతో. ఎల్లి పుచ్చుకుంది. అప్పుడు కరెంటొచ్చింది. అందరం ఏడుస్తున్నట్టు అగుపడిపోనాది.

ఏడింటికి గేటు కాడున్నాం. సందేశ్ సేతిలో ఎట్టుకునే పరిగెట్టినాం.

సోమయాజులుగారు మొన్నా నిన్నా గేటు కాడికి వొచ్చినారు, ఆ కాలిన పంచాంగం పట్టుకుని. ఆయన కట్టిన లెక్కకి ఓడ వొస్తాదా రాదా సూసుకోడానికి. మొన్న సరిపోనాది. మా అందరికీ టీ ఇప్పించినారు. నిన్న పది నిమిసాలు తప్పింది. ఓడ మీద కోప్పడి ఎల్లిపోనారు.

(ఈ కిందిది రాయొద్దన్నాను. రాయమంటున్నాడు.)

వేదమ్మా, జూలైలో పిల్లని ఆ నర్సుల బడిలో సేర్పించీనాడు నానే తీసుకెల్తాను. ఏ తిథి పడతాదో తెల్దు. అందుకని నువ్వు అరుంధతమ్మకి సెప్పి ఆ బడోళ్లకి ఇప్పుడే ఓ కాయితం రాయించు. పోటు దిగినాకే వొస్తామని. అంతదాకా గుమ్మం ముయ్యొద్దని. కాయితం సాలదంటే ఆయమ్మనే ఎల్లి నోటితో సెప్పమను. ఇంటారు.